నాంచారు కొలిచిన సగం వంతెన

అనగనగా ఒక ఊళ్ళో, సగంలో ఆగిపోయిన పెద్ద రోడ్డు ఒకటి ఉండేది బంగారూ. ఎంత పెద్దదంటే, నాలుగు లారీలు పక్కపక్కన పోవచ్చు. కానీ ఒక్క లారీ కూడా పోయేది కాదు. ఎందుకంటే ఆ రోడ్డు వాగు దాకా వచ్చి, వంతెన సగంలో తెగిపోయి, గాల్లో నిలబడిపోయింది. తెగిన చోట ఇనప ఊచలు మీసాల్లా బయటికి పొడుచుకొచ్చి ఉండేవి.

మరి ఆ రోడ్డు దేనికి? మిరపకాయలు ఆరబోసుకోవడానికి! అంకమ్మ అనే ఆవిడ కూడా తన ఏడాది పంటంతా అక్కడే ఎండబెట్టింది. ఆవిడకి నాంచారు అని తొమ్మిదేళ్ళ కూతురు. ఏది చూసినా లెక్కపెట్టే పిల్ల.

"తెగిన అంచు దగ్గరికి పోయావంటే కాళ్ళు విరగ్గొడతా. కిందనుంచి ఎవరో లాగేస్తారంట," అనేది అంకమ్మ. ఊళ్ళో అందరికీ అదే భయం.

నాంచారుకి మాత్రం, ఆ లాగేదెవరో చూడాలనిపించింది.

మొదటి రోజు ఏం చేసిందీ, అంచు దగ్గర బోర్లా పడుకుని ఒక రాయి వదిలింది. టప్పుమంది. ఎవరూ లాగలేదు.

రెండో రోజు దారానికి రాయి కట్టి దింపింది. ఆ తర్వాత దారాన్ని మూరేసి చూస్తే, పన్నెండు మూరలు.

మూడో రోజు చుట్టు తిరిగి వంతెన కిందికే పోయింది. అక్కడ మెత్తటి పొడి ఇసక. ముందురోజు పడిన జల్లు జాడే లేదు. స్తంభం మీద పాత వరద చార ఉంది. తను నిలబడ్డ గట్టుకి రెండు మూరలు దిగువన ఉంది ఆ చార. "ఓహో, వాగు ఎంత పొంగినా ఇక్కడికి రాదన్నమాట," అనుకుంది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, అంకమ్మ, వీరయ్య బాబాయి, నలుగురు కూలీ ఆడవాళ్ళు కలిసి ఎండిన కాయంతా బస్తాలకెత్తి కుట్టేశారు. మొత్తం ఇరవై నాలుగు బస్తాలు. ఊరు దూరం, ట్రాక్టరేమో మర్నాడు గానీ రాదు. అప్పుడు కొండ మీద నల్లటి మబ్బు లేచింది.

"గంటలో దంచేస్తుంది," అన్నాడు వీరయ్య బాబాయి. పట్టాలు కప్పినా లాభం లేదు. రోడ్డు మీద పారే నీళ్ళు కిందనుంచి తడిపేస్తాయి. తడిస్తే కాయ బూజుపట్టి పోతుంది. ఏడాది కష్టం వాగులో కలిసినట్టే. అంకమ్మ బస్తాల మీద చేతులు వేసి కూలబడింది.

"వంతెన కింద పొడిగా ఉంటుందమ్మా!" అంది నాంచారు.

"దిగే దారి ఎక్కడో వెనకాల ఉంది. మోసుకుని పోయి రావడానికి అరగంట. మేం ఆరుగురం, ఇద్దరికో బస్తా. లెక్కల పంతులమ్మా, ఎంతసేపు పడుతుందో నువ్వే చెప్పు!" అని వెక్కిరించాడు బాబాయి.

"నాలుగు గంటలు," అంది నాంచారు వెంటనే. "అదే అంచు నుంచి తాడుతో దింపితే బస్తాకి రెండు నిమిషాలు. నలభై ఎనిమిది. కిందికి పరుగెత్తడానికి పది. గంటకి ఇంకా రెండు నిమిషాలు మిగులు."

"తాడు చాలొద్దూ?"

"పన్నెండు మూరలే బాబాయ్! నేను కొలిచా."

అంకమ్మ కూతురి వంక ఉరిమి చూసింది. తిట్టడానికి టైం లేదు.

అప్పుడు కూలీ ఆడవాళ్ళలో ముగ్గురు కిందికి పరుగెత్తారు. బాబాయి మోకుతాడు తెచ్చి, ఇనప ఊచకి రెండు చుట్లు తిప్పాడు. ఆ చుట్ల వల్ల బస్తా ధబేల్మని జారకుండా మెల్లగా దిగింది. కింద వాళ్ళు దాన్ని లోపలికి లాక్కున్నారు. ఒకటి, రెండు, మూడు... నాంచారు లెక్క చెబుతూనే ఉంది. పదో బస్తాకి బాబాయి చేతులు బొబ్బలెక్కాయి. అప్పుడు అంకమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, తెరిచి, అంచు దగ్గరికి వచ్చి తాడు పట్టుకుంది.

వాన లెక్క వినలేదు బంగారూ, కాస్త ముందే వచ్చేసింది. చివరి బస్తా గాల్లో ఉండగానే తడిసిపోయింది. మిగతా ఇరవై మూడూ పొడిగా ఉన్నాయి.

ఆ తర్వాత పైనున్న వాళ్ళూ తడుస్తూ కిందికి చేరారు. అంకమ్మ కూతురి తల తుడుస్తూ, "ఆ అంచు దగ్గరికి ఎన్నిసార్లు పోయావే?" అంది.

"రెండుసార్లే. మూడోసారి ఇక్కడికి."

అంకమ్మ తలెత్తి చూసింది. వాగు అవతల, వానలో మసగ్గా, ఇంకో సగం వంతెన ఇటే చూస్తూ నిలబడి ఉంది.

"అటు పక్కన ఏముందే?"

"ఇంకా చూళ్ళేదమ్మా."

"వాన వెలిసి, వాగు తగ్గనీ. ఇద్దరం పోదాం."

బస్తాలు గట్టుకి, వానేమో వాగుకి,
కథేమో కంచికి, నీ కళ్ళు నిద్దరకి.