నాగూరయ్య చేపకు వల

నాగూరయ్యకొచ్చిన కష్టం ఏమిటంటే, అతని మాట ఒక్కరూ కాదనలేదు.

మాఘమాసపు మంచు కొల్లేటి మీద మీగడలా పేరుకున్న ఒక పొద్దున, నడిమి లోతుల్లో అతని దోనె ఉన్నట్టుండి జానెడెత్తు లేచి మళ్లీ దిగింది. నల్లగా వీపు లాంటిదొకటి మంచులో కనపడీ కనపడక జారిపోయింది. జరిగింది అంతే. ఒడ్డుకు రాగానే, వాలుగ చేప, దోనెంత ఉంటుందని చెప్పాడు.

ఆ చేప రేవు నుంచి టీకొట్టుకు నడిచేసరికి రెండు దోనెలంత అయింది. మూడోనాడు అత్తగారి లంకకు చేరేసరికి దాని మీసాలు పడవ మోకులంత లావెక్కాయి, కన్ను చేటంత విచ్చుకుంది. అది ఆవులిస్తే కొల్లేరు మూరెడు తీస్తుందనీ, నిట్టూరిస్తే పదిహేను లంకల్లో దీపాలు కొండెక్కుతాయనీ నాగూరయ్యే చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు. వినేవాళ్లు దగ్గరికి జరిగేవాళ్లు. గూడబాతులు సైతం ఈత మానేసి చెవులొగ్గాయంటారు. పుట్టి బుద్ధెరిగాక అతనికి అంత సుఖంగా ఎప్పుడూ లేదు.

కానీ జనం నమ్మారు. నమ్మి, నడిమికి పోవడం మానేశారు.

ఇక వచ్చేది వేసవి. గట్టు వెంబడి నీళ్లు అప్పటికే పలచబడుతున్నాయి. నీళ్లు తీసేకొద్దీ చేప లోతుకు చేరుతుంది. అక్కడికి పోకపోతే లంకకు తిండి లేదు. ఆదివారం కులపెద్దలు కూర్చుని, ఎర్రగుడ్డ కట్టిన గెడలు పాతి తొలకరి దాకా నడిమిని మూసెయ్యాలా వద్దా తేలుస్తామన్నారు. నాగూరయ్య వల మీద చెయ్యేసి, చూసింది చెప్పాలి. వల మీద చెయ్యేసి చెప్పిన మాటను ఆ లంకలో ఎవరూ, ఏనాడూ వెనక్కి తీసుకున్నది లేదు.

పోయిన అన్న పెళ్లాం బుల్లెమ్మ, ఇద్దరు పిల్లల్ని ఆ నడిమి నీళ్ల మీదే సాకుతోంది. ఆమె అతని గుమ్మం ముందు నిలబడి ఒకే మాట అంది.

"నీ చేప మా పొయ్యి మింగింది, మరిదీ."

ఆ మాటతో అతనికి అన్నం సయించడం మానేసింది. దోనెక్కి బుడన్ షా ఫకీరు దగ్గరికి పోయాడు.

తుంగ మొలిచిన ఒక చిన్న దిబ్బ మీద పాక వేసుకుని, వలలు అల్లుకుంటూ, దేవుడి పేరు తలుచుకుంటూ ఉండేవాడు ఫకీరు. ఆయన అల్లిన వలలోంచి నీళ్లు కూడా ఆయన్ని అడిగే దాటేవట. నాగూరయ్య తొమ్మిదేళ్లుగా ఆయన శిష్యుడు. ముడి వెయ్యడమూ, పేరు తలవడమూ అక్కడే నేర్చాడు.

తన గోడు వెళ్లబోసుకున్నాడు. ఇప్పుడు కాదంటే లంకలో బతకలేననీ, ఔనంటే వదిన ముఖం చూడలేననీ, బాబా వచ్చి పెద్దలకు నాలుగు మాటలు చెబితే గండం గడుస్తుందనీ బతిమాలాడు. మధ్యలో చేప సంగతి వచ్చినప్పుడు మాత్రం, అలవాటు కొద్దీ, దానికి మరో రెండు బారల పొడుగొచ్చింది.

నిజమా, అబద్ధమా అని ఫకీరు అడగలేదు. పాకలోంచి కొబ్బరితాడు చుట్ట తెచ్చి ముందు పడేశాడు.

"అంత చేపను వదులుకుంటామా? వల అల్లు. తల ఎంత?"

వల కన్నులో చేప తల దూరాలి, పొట్ట దూరకూడదు. జెల్ల చేపకు రెండు వేళ్లు, బొచ్చె చేపకు బెత్తెడు. ఆ కొలత తెలియకుండా ఎవడూ మొదటి ముడి వెయ్యడు. నాగూరయ్య కాసేపు ఆలోచించి రెండు చేతులూ బార్లా చాచాడు. రెండు తాటిచెట్ల మధ్య తాడు బిగించి, బారెడు కన్నులతో అల్లడం మొదలుపెట్టాడు.

పొద్దు నడినెత్తికొచ్చింది. ఫకీరు వచ్చి చూసి, టీకొట్టు దగ్గర తల ఎంతని చెప్పావన్నాడు. ఇంతకన్నా కాస్త ఎక్కువేనన్నాడు నాగూరయ్య.

"అయితే విప్పు."

విప్పి, రెండు బారల కన్నులు వేశాడు. ఫకీరు మళ్లీ వచ్చి, అత్తగారి లంకలోనో అన్నాడు. మళ్లీ విప్పాడు. అరచేతులు ఎర్రబడ్డాయి. పొద్దు వాలేసరికి ఆ చెట్ల నడుమ మిగిలింది పైన ఒక తాడు, కింద ఒక తాడు, మధ్యలో నాలుగు ముడులు.

కొల్లేరు పసుపు రంగు తిరిగింది. పాక మీది పొగ నెమ్మదిగా వలలోకి దూరి అవతలికి వెళ్లింది. నీటి మీదికి దిగుతున్న బాతుల గుంపు ఒకటి, ఒక్క రెక్కయినా తగలకుండా, కన్నులోంచి సాగిపోయింది. గాలి వచ్చింది, పోయింది. తను అల్లుతున్నాడో, కలగంటున్నాడో నాగూరయ్యకు తెలియలేదు.

రేవు నుంచి ఫకీరు నీళ్లకుండ నెత్తిన పెట్టుకుని వస్తున్నాడు. వల చుట్టూ తిరిగి రాలేదు. తల వంచలేదు. తిన్నగా కన్నులోంచి ఇవతలికి నడిచొచ్చాడు. కుండలో నీళ్లు తొణకలేదు.

"మంచులో కనపడ్డదానికి అల్లు నాయనా," అన్నాడు. "తల ఎంత?"

నాగూరయ్య చేతులు చాచాడు. అవి వాటంతట అవే దగ్గరికి రాసాగాయి. బారెడు, మూరెడు, జానెడు. ఎక్కడో ఒకచోట ఆపాలని చూశాడు. ఆపే చోటు దొరకలేదు. చివరికి రెండూ ఒడిలో పడ్డాయి.

"తల నేను చూడలేదు, బాబా."

ఫకీరు కుండ దించి, అతని దోసిట్లో నీళ్లు పోశాడు.

ఆదివారం పెద్దలు పరిచిన వల మీద నాగూరయ్య చెయ్యి వేశాడు. లంక లంకంతా ఊపిరి బిగబట్టింది. చంటిపిల్లలు పాలు తాగడం ఆపి తలలు తిప్పారట. దోనె జానెడు లేచిందన్నాడు. నల్లగా ఏదో పోయిందన్నాడు. అంతకు మించి చూడలేదని, మిగతాదంతా తన నోటి పనేనని చెప్పాడు. మీసాలేవిరా అని ఒకడు, ఆవులింతలేవిరా అని ఇంకొకడు, కడుపు పట్టుకుని నవ్వారు. అతను ఆ చెయ్యి వల మీది నుంచి తియ్యలేదు.

నవ్వులు అణిగాక బుల్లెమ్మ అడిగింది.

"ఇంతకీ అక్కడ అది ఉందా, లేదా?"

"తెలియదు వదినా. రేపు నా దోనె ముందు పోతుంది. నువ్వు వెనక రా."

తెల్లారి మంచు మళ్లీ దిగింది. దోనెలు ఒకదాని వెనక ఒకటి, చప్పుడు లేకుండా నడిమికి సాగాయి. అన్నిటికన్నా ముందు నాగూరయ్య నిలబడి గెడ వేస్తున్నాడు. లోతు మొదలయ్యే చోట, ఏం కనపడుతోందని వెనక నుంచి బుల్లెమ్మ అడిగింది.

అతను గెడ ఆపి చాలాసేపు చూశాడు.

"నీళ్లు," అన్నాడు.