తోడేలు వాసన

ఎవరేమడిగినా ఓబులేసు సామి నోటితో బదులు చెప్పేది తక్కువ. గుట్ట కింద గొర్రెల దొడ్డి పక్కనే గుడిసె వేసుకొని ఉండేవాడు. నీరసించినవాళ్లకు ఆయన నూరి ఇచ్చే వేరు మందుకు మంచి పేరు.

ఒకనాడు పొద్దెక్కకముందే శిష్యురాలు హనుమక్క వచ్చి ఆయన ఎదుట కూలబడింది. ఆమె కూతురు సుంకమ్మకు పంతొమ్మిదేళ్లు. కీళ్లు వాచి, మూత్రపిండాలు చెడి, మంచం పట్టింది.

"రోగాలతో కొట్లాడే బలమే దాని ఒంటిని పగోళ్లదనుకొని తింటాందంట సామీ. ఆ బలాన్ని తగ్గించేదానికి డాక్టరు మాత్రలు రాసినాడు. ఇదేం న్యాయం? ఎండుపుల్ల మాదిరుండే పిల్లకు ఇంకా బలం తగ్గించేదా? మాత్రలు ఆపేసినా. నీ వేరు మందు ఇయ్యి. బలమొస్తే బతుకుతాది కదా?"

అంతలో కాపరి మల్లప్ప ఒక గొర్రెపిల్లను భుజాన వేసుకొని పరుగున వచ్చాడు.

"తోడేలు నోట్లోంచి గుంజుకొచ్చినా సామీ! పానముంది!" అంటూ దాన్ని దొడ్డిలో దించాడు. దాని మెడంతా తోడేలు చొంగ.

కావలి కుక్క వచ్చింది. వాసన చూసింది. హనుమక్క అరిచేలోపే పిల్ల గొంతు కొరికేసింది. ఆపైన మూతి నాక్కుంటూ సామి దగ్గరికొచ్చి, మెచ్చుకుంటాడని కాబోలు, తోక ఊపింది.

మల్లప్ప కట్టె ఎత్తాడు. "మన పిల్లనే చంపితివి కదే, ముండా!"

సామి ఆ కట్టెను పట్టుకున్నాడు. "దానికి తగిలింది తోడేలు వాసన. ఇన్నాళ్లూ ఈ మందను నిలబెట్టింది కూడా ఈ కుక్కే."

కుక్కను గుంజకు కట్టాడు. మొరగొచ్చు గానీ గొర్రెలను అందుకోలేదు, అంత పొట్టి తాడు. అప్పుడు ఇటు తిరిగాడు.

"దీనికి ఇంకో రెండు సంగటి ముద్దలు పెట్టమంటావా, హనుమక్కా?"

ఆమె చచ్చిన పిల్లనే చూస్తూ ఉండిపోయింది. మాత్రలు ఆపి ఎన్నాళ్లయిందో వేళ్ల మీద ఎంచుకుంది. రెండు చేతుల వేళ్లూ చాల్లేదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

కొంగు తీసి, గుంజకేసి చూస్తూ అడిగింది. "ఈ తాడు ఎన్నాళ్లు సామీ?"

"అది బతికినన్నాళ్లు."

"మళ్లా తోడేలొస్తే?"

సామి చచ్చిన పిల్లను చేతుల్లోకి ఎత్తుకొని లేచాడు.

"కుక్కను కట్టేసినోళ్లకు నిద్ర ఉండదు తల్లీ."