ఆదెమ్మ వెంట సంద్రానికి

కొండకి చెట్టు కరువు లేని రోజుల్లో, ఏటికి నీటి కరువు లేని రోజుల్లో, మనిషికి మాట కరువు లేని రోజుల్లో, ఉప్పు ఆదెమ్మ అని ఒకామె ఉండేది.

ఆమెకి మూడు గాడిదలు. కింద ఊరివాళ్లు ఏడు గాడిదలని చెబుతారు. వాళ్ల మాట పట్టించుకోకండి. మూడే. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, చదువు రాదు. తన బస్తా ఏదో తెలియడానికి దాని మీద బొగ్గుతో ఒక గీత గీసి, గీత కింద మూడు చుక్కలు పెట్టుకునేది. ఆమెకొచ్చిన రాత అంతే.

ఏడాదికోసారి, కోతలయ్యాక, సంద్రం ఒడ్డు నుంచి ఉప్పు వేసుకుని జీలుగుమెట్ట ఎక్కేది. మూడు రోజుల నడక. కుంచం ఉప్పుకి కుంచం చోళ్లు, అంటే రాగులు. కొలత దగ్గర ఆమె మహా గట్టి మనిషి. ఉప్పు కుంచం నిండాక చేత్తో తట్టేది, మళ్లీ పోసేది, పైన కొప్పు నిలిచేదాకా పోసేది. అప్పుడు చుట్టూ చేరిన పిల్లల నాలుక మీద తలో ఉప్పుగల్లు పెట్టేది. "చప్పరించండి, నమలకండి" అనేది. నమిలినవాడికి రెండోది ఉండదు. ఏడ్చినా ఉండదు.

జీలుగుమెట్ట వాళ్లు కొండ దిగి ఎరగరు. ఎప్పుడో ముగ్గురు దిగారట, ఒక్కడూ తిరిగి రాలేదట. అందుకని పిల్లల్ని వాగు దాటనిచ్చేవాళ్లు కాదు. వాళ్లకి తెలిసింది కొండ, పోడు, వాన. తినేది ఏదైనా విత్తనం వేస్తేనే వస్తుందని వాళ్ల లెక్క.

ఊరిపెద్ద మంగ్లు ఒకసారి ఆదెమ్మని అడిగాడు, ఈ ఉప్పు ఏ చెట్టుకి కాస్తుందని. ఆమె ఉన్నమాట చెప్పింది. సంద్రమని ఒకటుంది, అంతా నీళ్లే, ఆ నీళ్లు మళ్లలోకి పెట్టి ఎండనిస్తే అడుగున ఉప్పు మిగులుతుంది అంది. మంగ్లు తలూపాడు గాని నమ్మలేదు. అమ్ముకునే మనిషి గుట్టు చెబుతుందా అనుకున్నాడు. ఇంట్లో వాడకానికి తీసుకున్న ఉప్పులో రెండు కుంచాలు దాచి, తొలకరికి తన పోడులో మంచి నేలచెక్క చూసి చల్లాడు.

ఒక వాన పడింది, మొలవలేదు. రెండో వాన పడింది, మొలవలేదు. మూడో వానకి ఆ చెక్కలో ఉన్న గడ్డి కూడా మాడిపోయింది.

మరుసటేడు ఆదెమ్మ కొండెక్కేసరికి మంగ్లు దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఊరంతా వెనకాల ఉంది.

"నువ్వు విత్తనం వేయించి అమ్ముతున్నావు, మొలవకుండా" అన్నాడు.

ఆదెమ్మకి మొదట నవ్వొచ్చింది. అతని ఇంట్లోవాళ్లు ఆర్నెల్లు చప్పిడి అంబలి తాగారని విన్నాక నవ్వు పోయింది. ఊరందరి ముందూ తనని అబద్ధాలకోరు అన్నాడని గుర్తొచ్చాక, అది మనసులో ముల్లులా దిగిపోయింది.

చూడనివాడికి ఎంత చెప్పినా అంతే అని ఆమెకి ఆ పూట తెలిసింది. పెద్దవాళ్ల కాళ్లకి భయం కట్టేసి ఉంది, కాబట్టి పిల్లల్ని పంపమంది. దిగడానికి మూడు రోజులు, చూడడానికి మూడు రోజులు, ఎక్కడానికి మూడు రోజులు.

"తొమ్మిదో రోజు పొద్దుగూకేలోపల పిల్లలు తల్లుల దగ్గరుంటారు. ఒక్కరు తగ్గినా నేను ఈ కొండెక్కను, మీరు ఉప్పు తినరు" అంది.

తల్లులు పిల్లల్ని కొంగుల్లోకి లాక్కున్నారు. అప్పుడు మంగ్లు మనవరాలు, పదేళ్ల సుక్రి, తాత కాళ్ల సందులోంచి బయటికొచ్చి నేను పోతానంది. నలుగురిలో వద్దంటే తాత పరువు పోతుంది. సుక్రి వెనక బుద్రు అనే పిల్లాడు వచ్చాడు. అన్న పోతున్నాడని బుద్రు చెల్లెలు గురుబారి వచ్చింది. అదింకా ముక్కు చీదుకోవడం రాని పిల్ల.

ఆ రోజు ఆదెమ్మ అందరికీ కొప్పు కట్టి పోసింది. మంగ్లుకి మాత్రం కుంచం మీద అరచెయ్యి పెట్టి, చదునుగా గీసేసి ఇచ్చింది. అతను చూశాడు.

వాళ్లు దిగారు. మొదటి రోజు పెద్ద ఏరు చూశారు. రెండో రోజు చదును నేల చూశారు. సుక్రి నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, నాలుగు వైపులా తిరిగి చూసి, "ఉప్పు మామ్మా, ఇక్కడి కొండలు ఎవరు తీసేశారు?" అని అడిగింది. అడ్డం ఏమీ లేకపోయేసరికి పడిపోతానేమోనని గాడిద తోక పట్టుకు నడిచింది. మూడో రోజు సంద్రం చూశారు. గురుబారి వచ్చి ఆదెమ్మ చెయ్యి పట్టుకుంది.

ఆదెమ్మకి ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం అంబలి పోసేముందు ముగ్గుర్నీ కూర్చోబెట్టి, ఇవాళ చూసినవి మూడు చెప్పమనేది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బుద్రు ఏడు పడవలు చూశానన్నాడు. పోయి మళ్లీ చూసి రమ్మంది. వాడు కాళ్లీడ్చుకుంటూ పోయి, అయిదని తిరిగొచ్చాడు. అప్పుడు పోసింది అంబలి.

"అయిదు తక్కువేట్రా? అయిదు పడవలు మీ తాత చూశాడా?" అంది.

ఉప్పుమళ్లలో ఆమె తమ్ముడి ఇంటివాళ్లు పనిచేస్తారు. పిల్లలు వాళ్లతో పాటు నీరు పెట్టారు, గట్లు తొక్కారు, చెక్కపలకతో ఉప్పు లాగారు. తిరిగొచ్చేటప్పుడు సుక్రి ఆనపబుర్ర నిండా సంద్రం నీళ్లు పట్టుకుంది.

తొమ్మిదో రోజు, పొద్దు ఇంకా బారెడు ఉండగానే, ముగ్గురూ తల్లుల దగ్గరున్నారు. తల్లులు వాళ్ల వేళ్లన్నీ లెక్కపెట్టి చూసుకున్నారు.

పిల్లలు చెప్పడం మొదలెట్టారు. అవతలి ఒడ్డు లేని నీళ్లు, ఎవరూ తొయ్యకుండా లేచి వచ్చే నీళ్లు, వచ్చి మళ్లీ వెనక్కి పోయే నీళ్లు. ఊరు నవ్వింది. సుక్రి బుర్రలో నీళ్లు చెక్కతొట్టిలో పోసి చూపించింది. అందరూ వంగి చూశారు. నీళ్లు కదల్లేదు, లేవలేదు, ఊరికే ఉన్నాయి.

"బాగా నేర్పించి పంపిందిరా" అన్నాడు మంగ్లు.

సుక్రి కళ్లనిండా నీళ్లతో ఆదెమ్మ వైపు చూసింది. ఆదెమ్మ గాడిదల తాళ్లు సరిచేసుకుంటూ ఉంది. "నన్నేటి చూస్తావు? చూసింది నువ్వు" అంది అంతే. ఆమెకీ లోపల పీకుతూనే ఉంది. పిల్ల ఇవాళ ఓడిపోతే ఈ కొండ మీంచి మరో పిల్ల దిగదు.

మర్నాడు పొద్దున సుక్రి పగిలిన కుండ పెంకు ఒకటి తెచ్చింది. ఎండ బాగా తగిలే బండ మీద పెట్టి, అందులో ఆ నీళ్లు పలచగా పోసింది. పోసి పక్కన కూర్చుంది. మేకలు నాకడానికి వచ్చాయి, గురుబారి కర్ర పట్టుకు తోలింది. బుద్రు ఈగల్ని తోలాడు. పొద్దు నెత్తికెక్కింది, పొద్దు వాలింది. నవ్వడానికి వచ్చినవాళ్లు కూర్చుండిపోయారు.

నీళ్లు పోయాయి. పెంకు అంతా తెల్లబడింది.

మంగ్లు వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. చాలాసేపు చప్పరించాడు. నమల్లేదు.

"అయితే నేను నా పోడులో సంద్రం చల్లానన్న మాట" అన్నాడు.

తప్పయిందని అనలేదు. ఆదెమ్మ కూడా మూడేళ్లు అతనికి చదునుగానే గీసిచ్చింది. నాలుగో ఏడు, కొండ దిగే పిల్లల్ని అతనే స్వయంగా వాగుదాకా తెచ్చి దిగబెట్టి, చిన్నదాని ముక్కు తుడిచి, "జాగ్రత్తమ్మా, దీనికి అల్లరెక్కువ" అన్నాడు. ఆ ఏడు తిరిగొచ్చాక అతనికీ కొప్పు కట్టి పోసింది.

అట్లా ఏటా ముగ్గురు. ఒకడు తెడ్డెయ్యడం నేర్చాడు, ఒకత్తి వల అల్లడం నేర్చింది. ఇంకో పిల్ల ఒడ్డున బడి అరుగు కింద నిలబడి, పైనున్న పిల్లలు దిద్దుతుంటే కింద ఇసకలో తనూ దిద్ది, మూడు రోజుల్లో కొన్ని అక్షరాలు పట్టుకొచ్చింది. బొగ్గుతో బస్తా మీద ఆదెమ్మ అని రాసి చూపించింది. ఆదెమ్మ ఆ రాత వైపు చాలాసేపు చూసింది. "ఇంత ఉన్నానేటే నేను?" అంది. ఆ బస్తా చిరిగిపోయినా పారెయ్యలేదు, మడిచి తలకింద పెట్టుకునేది.

ఏళ్లు గడిచాయి. సుక్రికే పెళ్లయి కూతురు పుట్టింది. ఆ కూతురు మంగ్లి కొండ దిగే వయసుకొచ్చింది. ఆ ఏడు మంగ్లితో పాటు ఇంకో ఇద్దరు దిగారు.

తిరిగి వస్తూ, తొమ్మిదో రోజు పొద్దున్నే, కొండ మొదట్లో ఆదెమ్మ కూలబడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది. పిల్లలు కింద ఊరికి నీళ్లకి పరిగెత్తారు. జ్వరం మనిషి అని ఒక ఇల్లు తలుపేసింది, రెండో ఇల్లు తలుపేసింది, మూడో ఇల్లు తలుపేసింది. అందుకే చెప్పాను, వాళ్ల మాట పట్టించుకోకండని. పిల్లలే ఏట్లోంచి దోసిళ్లతో తెచ్చి పోశారు.

నిన్నొదిలి మేం పోమని పిల్లలు ఏడ్చారు. ఆదెమ్మ కళ్లు తెరిచింది.

"పొద్దుగూకేలోపల మీరు అమ్మల దగ్గరుండాలి. మాటిచ్చాను. దారి తెలుసా?"

తెలుసన్నారు.

"గాడిదలకి తెలియకపోయినా మీకు తెలియాలి. మూడు మలుపులు చెప్పండి."

వాగు మలుపన్నారు, జీలుగుచెట్టు మలుపన్నారు, ఎర్రబండ మలుపన్నారు. ఆమె ఒక్కొక్కదానికీ తలూపింది. మూడోదానికి తల ఊగింది గాని, మళ్లీ పైకి లేవలేదు. మంగ్లి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. పైట లాగి ముఖం కప్పింది. ఆ చిరుగు బస్తా తలకింద సర్దింది.

పొద్దుగూకేలోపల ముగ్గురు పిల్లలు, మూడు గాడిదలు, గింజ తగ్గకుండా ఉప్పు, జీలుగుమెట్ట చేరాయి. ముసలి మంగ్లు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పిల్లలు అతని ముందు వరసగా నిలబడ్డారు. ఏం చూశారని అడిగాడు. మంగ్లి చెప్పింది, ఉన్నది ఉన్నట్టు.

"సంద్రం చూశాం తాతా. మూసిన తలుపులు మళ్లీ తెరవని ఇళ్లు చూశాం. ఉప్పు మామ్మ పడుకోవడం చూశాం, లేవలేదు."

మంగ్లు కర్ర అందుకున్నాడు. అతనికప్పుడు ఎనభై దాటాయి. పుట్టి బుద్ధెరిగి వాగు దాటలేదు. ఎవరు పట్టుకోబోయినా వద్దన్నాడు. "దారి నాకు తెలియదు. మీకు తెలుసు, పదండి" అని పిల్లల్ని ముందు నడవమన్నాడు. ముగ్గురు పిల్లలు ముందు, ముసలాయన వెనక, అతని వెనక ఊరు ఊరంతా, మొదటిసారి కొండ దిగింది.

ఆమెని కొండ మొదట్లోనే, సంద్రం వైపు తల పెట్టి పూడ్చారు. మంగ్లు దోసెడు ఉప్పు తెచ్చి ఆ మట్టి మీద పోశాడు. పోసి, తట్టి, మళ్లీ పోసి, కొప్పు కట్టాడు.

మరుసటేడు పిల్లల్ని ఎవరు దించాలన్న మాట ఊళ్లో రానేలేదు. మంగ్లి, దాని జట్టువాళ్లు ఇద్దరూ, ఇంకో ముగ్గురి చేతులు పట్టుకుని వాగు దాటారు. ఆపై ఏడు ఆ ముగ్గురు మరో ముగ్గుర్ని దించారు.

ఇప్పుడు కొండకి రోడ్డొచ్చింది, బస్సొచ్చింది. బస్సు ఎంత కిటకిటలాడినా, జీలుగుమెట్ట వాళ్లు ఎక్కితే ఒక కిటికీ పక్క సీటు వదిలేస్తారు. అది మొదటిసారి కొండ దిగే పిల్లది. కూతురు పురిటికి పోతున్నా సరే, ముసలివాళ్లయినా సరే, అందులో కూర్చోరు. తెలియక ఎవరైనా కూర్చుంటే కండక్టరే వచ్చి లేపుతాడు.

"అది ఆదెమ్మ సీటండీ. పిల్లని చూడనివ్వండి" అంటాడు.