సొట్టపడ్డ బంగారు గుండు

ఒకానొక రాజ్యంలో ఆరు నెలలుగా సభలో ఎవరూ పకపకా నవ్వలేదు, భోరున ఏడవనూ లేదు. రాజమాత పోయింది మరి. రాజు ప్రతాపమార్తాండుడు చితి దగ్గర కూడా కంటతడి పెట్టలేదు. "రాజు ఏడిస్తే రాజ్యం చులకనవుతుంది" అని, నవ్వునూ ఏడుపునూ కొలువులో నిషేధించాడు. అనకూడదు గానీ, లోపల కుమిలేవాడికే బింకం ఎక్కువ.

అమ్మ వస్తువు ఏది కంటబడినా ఆయనకు మంటే. ఒకరోజు ఆవిడ మెడలో ఎప్పుడూ ఉండే గుండ్లపేరును, అదే, బోలు బంగారు పూసల దండను, ఆస్థాన కంసాలి మౌనాచారి ముందు పడేశాడు.

"దీన్ని కరిగించి తీగ లాగు. ఆ తీగతో నా తలపాగాకు కొత్త తురాయి అల్లు. పాతదాని ఆనవాలు ఉండకూడదు. ఒక్క సొట్ట కనబడిందా, నీ బొటనవేలు తెగుతుంది!"

బొటనవేలు లేని కంసాలి ఏం చేసుకు బతుకుతాడు చెప్పండి! అయినా ఆ ముసలాయన నెల తిరక్కుండా తురాయి తెచ్చాడు. వెంట్రుకంత సన్నటి తీగతో ఆకులు, మొగ్గలు, లతలు. సభంతా నోరు వెళ్ళబెట్టింది. రాజు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. నడిమధ్యన, తీగల గూటిలో, ఒక పాత గుండు అలాగే ఉంది. దాని మీద పక్కపక్కనే రెండు సొట్టలు.

"నా ఆజ్ఞంటే అంత అలుసా?"

"మహాప్రభో, అది... పెద్దమ్మగారు..." మౌనాచారి చెప్పబోయాడు.

"నోర్ముయ్! ఎవరక్కడ? కత్తి తెండి!"

కొండుభట్టు అని ఆ కొలువులో ఒక హాస్యగాడున్నాడు. పాపం, ఆరు నెలలుగా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. ముందురోజే ఆచారి వచ్చి ఆయన దగ్గర గోడంతా వెళ్ళబోసుకున్నాడు. ఇప్పుడు కొండుభట్టు లేచి నిలబడ్డాడు.

"కోయించండి ప్రభూ, తప్పకుండా! కాకపోతే సొట్టలు పెట్టింది ఆచారి కాదు. దోషి వేరే ఉన్నాడు. దండ పెద్దమ్మగారి మెడలో ఉండగానే, ఆవిడ కళ్ళెదుటే పెట్టాడు."

"మా అమ్మ నగకా! ఎవడు వాడు?"

"ఈ సభలోనే ఉన్నాడు. ఆ సొట్టలు తీసేస్తానని ఆచారి మూడుసార్లు అడిగాడట. 'దండ పోతే పోనీ, ఈ గుండు మీది సొట్టలు మాత్రం పోకూడదు' అన్నారట అమ్మగారు."

రాజు పళ్ళు పటపట కొరికాడు. "వాడెవడైనా సరే! ఆ సొట్టలు పెట్టిన పనిముట్లు విరగ్గొట్టించి తీరతాను!"

"ఆ శ్రమ అక్కర్లేదు ప్రభూ. ఆ పనిముట్లు రెండూ తమరి ఆరో ఏటే ఊడిపోయాయి. అమ్మగారు పేడముద్దలో పెట్టి, తమరిచేతే అంతఃపురం కప్పు మీదికి విసిరించారు."

పాలపళ్ళు! చంకనున్న పసివాడు పళ్ళొచ్చే దురదకు అమ్మ మెడలోని గుండు పట్టి కొరికాడు, అంతే కథ.

రాజు ఆ సొట్టల మీద వేలితో తడిమాడు. "ఎంత గట్టిగా కొరికానయ్యా!" అంటూ ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

తెగాల్సిన ఆ బొటనవేలికే తన ఉంగరం తీసి తొడిగాడు. కొండుభట్టుకు పట్టుశాలువా కప్పి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"ఈ ఒక్క పూట సభలో ఏడవడానికి సెలవిప్పించండి ప్రభూ."

రాజు సెలవిచ్చాడు. మొదట వాడుకున్నది ఆయనే.