లేని ఏనుగుకి పాక

తుమ్మెదలంకలో వీరనాంచారమ్మ గారి ఇల్లంటే తెలివికి పుట్టిల్లని ఆ ఇంట్లోవాళ్ళే చెప్పుకుంటారు. ఊళ్ళో ఇంకెవరూ చెప్పరు, అది వేరే సంగతి. నాంచారమ్మకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు పల్లాలు, నడిపివాడు ఏడుకొండలు, చిన్నవాడు పోతురాజు. ముగ్గురికీ మీసాలొచ్చి చాలాకాలమైంది. నలుగురూ కలిసి తుంగ చాపలు నేస్తారు. నేత దగ్గర మాత్రం వాళ్ళ చేతులకి వంక పెట్టే మొనగాడు ఆ చుట్టుపక్కల లేడు. చేతుల్లో ఉన్న తెలివి తలదాకా ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు.

"మాకు ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదేగా," అంటుంది నాంచారమ్మ.

ఆ ఇంటికో కట్టడి ఉంది. నేస్తుండగా తప్పు పడిందనుకోండి, మిగతా నేతగాళ్ళలాగా పైపైన సర్దేసి ఊరుకోరు. తప్పు పడ్డ చోటిదాకా మొత్తం విప్పేసి మళ్ళీ నేస్తారు. చాప పూర్తయ్యాక చూసుకున్నా సరే, మొదట్లోనే తప్పుంటే మొదటిదాకా విప్పాల్సిందే. నాంచారమ్మ మావగారు పెట్టిన కట్టడి అది. పాపం ఆయన చాపల కోసం పెట్టాడు.

ఇలా ఉండగా ఒకరోజు పన్నుల ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పోస్టుమాను చదివి పెట్టాడు. ఆ ఆఫీసులో ఒక్కో వృత్తికి ఒక్కో కోడు ఉంటుందట. చాపలు నేసేవాళ్ళకి ఇరవై మూడు. వీళ్ళ కాగితం మీద మాత్రం ఇరవై నాలుగు ఉంది. ఇరవై నాలుగంటే ఏనుగులు అద్దెకిచ్చువారు. కాబట్టి ఏనుగుల మీద వచ్చిన ఆదాయానికి పన్ను కట్టాలి, వచ్చే నెల పదో తారీకులోగా కట్టకపోతే ఇంట్లో మగ్గం జప్తు చేస్తారు.

ఇంకేముంది, ఇంట్లో వెతుకులాట మొదలైంది. ఆఫీసువాళ్ళు ఊరికే రాయరు కదా, ఏనుగు ఎక్కడో ఉండే ఉంటుందని నాంచారమ్మ నమ్మకం. పల్లాలు పెరడంతా చూశాడు. ఏడుకొండలు నూతిలోకి తొంగిచూశాడు. పోతురాజు మంచం కింద చూసి, అనుమానం తీరక బియ్యం డబ్బా మూత కూడా తీశాడు. పొద్దుగూకే వేళకి నలుగురూ అరుగు మీద కూర్చుని తమకి ఏనుగు లేదని తేల్చుకున్నారు.

అప్పుడు పట్టుకుంది భయం. ఆ మగ్గం నాంచారమ్మ మొగుడు తన చేత్తో చేసింది. ఆయన పోయాక ఆ ఇంటికి అన్నం పెట్టింది అదే. అది పోతే పొయ్యి వెలగదు. ఆ సంగతి మాత్రం ఎవరూ విడమరిచి చెప్పకుండానే నలుగురికీ అర్థమైంది. నాంచారమ్మ లేచి వెళ్ళి మగ్గం మీద చెయ్యి వేసి కాసేపలాగే నిలబడింది.

మర్నాడు అన్నదమ్ములు ముగ్గురూ బస్సెక్కి పట్నం వెళ్ళారు. ఆఫీసులో కిటికీ వెనక కామేశం అనే గుమాస్తా ఉన్నాడు. ఆయన తలెత్తకుండా, "నిలబడండి, పిలుస్తాను," అన్నాడు. ముగ్గురూ నిలబడ్డారు. కామేశం భోజనానికి వెళ్ళాడు, వచ్చాడు, టీకి వెళ్ళాడు, వచ్చాడు, సాయంత్రం సంచీ సర్దుకుని ఇంటికే వెళ్ళిపోయాడు. వీళ్ళని పిలవలేదు. అంతే, వీళ్ళు కదల్లేదు. తాళం వేసే ఆవిడ వచ్చి వెళ్ళిపొమ్మంటే, ఆయన పిలుస్తానన్నాడు గానీ పొమ్మనలేదు కదా అని పల్లాలు వాదించాడు. చివరికి ఆవిడే కామేశం కుర్చీలో కూర్చుని ముగ్గుర్నీ పేరుపేరునా పిలిచి, రేపు రమ్మని పంపించింది.

రెండోరోజు కామేశం రిజిస్టరు తీసి చూశాడు. తప్పు వెంటనే దొరికింది. పై వరుసలో పడాల్సిన టిక్కు కింద వరుసలో పడింది. పెట్టింది ఆయనే. మరి దిద్దెయ్యండి అన్నారు వీళ్ళు. పెట్టడం వరకే తన పని, దిద్దే అధికారం తనకి లేదన్నాడు ఆయన. ఏనుగు లేదని అర్జీ ఇవ్వాలి, దాని మీద ఇంట్లో ఉన్న అందరి ముద్రలూ ఉండాలి అన్నాడు. అందరివీనా అని ఏడుకొండలు రెట్టించి అడిగాడు. ఒక్కటి తగ్గినా చెల్లదన్నాడు కామేశం.

పోస్టుమాను చేత అర్జీ రాయించి నలుగురూ వేలిముద్రలు వేశారు. తీరా చూస్తే ఇంట్లో ఇంకో ప్రాణి మిగిలిపోయింది. సరస. సరసంటే గేదె. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటోంది. ఒక్కటి తగ్గినా చెల్లదంటే సరసని ఎలా వదిలేస్తారు? కుడికాలు బురదలో ముంచి అర్జీ మీద పెట్టించారు. అది మంచిది కాబట్టి పెట్టింది. కొంచెం బరువుగా పెట్టింది, అంతే. అర్జీలో సగం అక్షరాలు బురద కింద పోయాయి.

కామేశం ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. పాల ప్యాకెట్టు తప్ప పశువు మొహం ఎరగని మనిషాయన. అరచెయ్యి కన్నా పెద్ద ముద్ర ఎవరిదని అడిగాడు.

"మా ఇంట్లో అందరికన్నా పెద్దదండీ ఆవిడ," అన్నాడు పల్లాలు వినయంగా. "చెయ్యి లేదండీ, కాలే వేసింది."

"ఏనుగు లేదని అర్జీ పెట్టి, దాని మీద ఏనుగు చేతే సంతకం పెట్టిస్తారుటయ్యా?"

గేదె అని ఒక్క మాట చెబితే పోయేది. కానీ ఆయన గేదా అని అడగలేదుగా. అడగని దానికి జవాబు చెప్పడం మర్యాద కాదని ముగ్గురూ చేతులు కట్టుకు నిలబడ్డారు. కామేశం అర్జీ పక్కన పెట్టి, తనిఖీకి మనిషి వస్తాడని చెప్పాడు. ఆ మనిషికి ఏనుగుండే చోటు చూపించాలి, అది ఖాళీగా ఉంటే ఖాళీ అని రాసుకుంటాడు, దాంతో మీ గొడవ తీరిపోతుందన్నాడు.

వీళ్ళు ఇంటికొచ్చి అమ్మకి చెప్పారు. నాంచారమ్మ బుగ్గన వేలు పెట్టుకుని ఆలోచించింది. ఏనుగుండే చోటు చూపించాలి. మనకి ఏనుగుండే చోటు లేదు. లేని చోటు ఖాళీగా ఉందని ఎలా చూపిస్తాం?

ఇంకేముంది, తెల్లారేసరికి పెరట్లో గుంజలు పాతడం మొదలెట్టారు. ఏనుగుని చూసినవాడు ఆ ఇంట్లో ఏడుకొండలు ఒక్కడే. అదీ సర్కసు డేరా చిరుగులోంచి వెనకవైపు మాత్రం చూశాడు. అందుకని వాడి సలహా మీద పాకకి తలుపు వెనకవైపు పెట్టారు. గోడలకి ఏం కావాలంటే, సంతకి సిద్ధంగా ఉన్న అరవై చాపలూ పట్టుకొచ్చి కట్టేశారు. తాటిచెట్టంత పాక లేచింది. ఊరంతా వచ్చి చూసింది. ఇంత ఖాళీ పాక ఈ లంకల్లో ఎక్కడా లేదని నాంచారమ్మ వచ్చినవాళ్ళందరికీ తిప్పి చూపించింది.

తనిఖీ మనిషి వచ్చాడు. పాక చూశాడు. మెడ పైకెత్తి కప్పు చూశాడు. ఏనుగేది అని అడిగాడు. లేదండీ అన్నారు. ఎప్పట్నుంచి లేదని అడిగాడు. మొదట్నుంచీ లేదండీ అన్నారు.

"మరి ఈ పాక ఎవరి కోసం కట్టారు?"

"ఏనుగు కోసమేనండీ. లేదని చూపించడానికి."

ఆ మనిషి వాళ్ళ నలుగురి మొహాలూ మార్చి మార్చి చూసి, ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. ఖాళీ అనే రాసుంటాడని వీళ్ళు ఆ పూట పాయసం చేసుకున్నారు. నాలుగు రోజులకి ఇంకో కాగితం వచ్చింది. పోస్టుమాను చదవలేక చదివాడు. పాక కొత్తది, ఏనుగును ఎక్కడో దాచినారు, దాన్ని వెంటనే ఆఫీసులో చూపించవలెను, లేనిచో మగ్గంతోపాటు పాక కూడా జప్తు.

ఈసారి నాంచారమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎవరు చెప్పింది చేసినా ఇలా ఎందుకవుతోందో ఆవిడకి అర్థం కాలేదు. నాకైతే ఆ గుమాస్తాని తీసుకొచ్చి ఆవిడ ముందు నిలబెట్టాలనిపిస్తుంది. తన టిక్కు ఒకటి కింద వరుసలో పడితే అక్కడ ఒక ఇంట్లో అన్నం మాని కూర్చున్నారు.

కొడుకులు మళ్ళీ పట్నం వెళ్ళారు. వాళ్ళ అదృష్టం కొద్దీ ఆవేళ వరండాలో ఆ ఆఫీసు పెద్దావిడ ఎదురైంది. హైమావతి గారని, నిదానమైన మనిషి. ముగ్గుర్నీ కూర్చోబెట్టి మొదట్నుంచీ విన్నది. పాక దగ్గరికి వచ్చేసరికి మొహం అటు తిప్పుకుని కాసేపు నవ్వుకుంది. తర్వాత ఒక్కటే అడిగింది, మీరు చాపలు నేస్తారని నాకెలా తెలుస్తుంది అని.

పోతురాజు సంచీలోంచి పిడికెడు తుంగ తీశాడు. అది లేకుండా వాళ్ళు ఊరు కదలరు. ముగ్గురూ నేల మీద కూర్చుని చేత్తోనే అల్లడం మొదలెట్టారు. ఒకడి వేళ్ళు ఆగినచోట ఇంకొకడి వేళ్ళు అందుకుంటున్నాయి. మాట లేదు, చూపు లేదు. కాసేపటికి పీట మీద వేసుకునేంత చిన్న చాప తయారైంది. హైమావతి గారు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఇన్ని కాగితాలు రాసే బదులు ఎవరైనా వీళ్ళ చేతులు చూసి ఉంటే సరిపోయేది కదా అని పైకే అంది.

రిజిస్టరు తెప్పించి ఇరవై నాలుగు మీద గీత కొట్టి, పక్కన ఇరవై మూడు అని రాసి సంతకం పెట్టింది. వీళ్ళ కాగితం మీదా అలాగే దిద్ది ఇచ్చింది. మగ్గం జోలికి ఇక ఎవరూ రారని చెప్పింది. ముగ్గురూ ఆవిడ కాళ్ళ మీద పడబోతే వద్దని బస్సుకి పంపేసింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. వాళ్ళది వేరే ఇల్లయితే అయిపోయేది కూడా.

నాంచారమ్మ కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. ఆవిడ మొహం మాడిపోయింది. తప్పు మీద గీత కొట్టి పక్కన రాసిస్తే పుచ్చుకొచ్చారా అని కొడుకుల్ని నిలదీసింది. మన ఇంట్లో ఏనాడైనా తప్పు పడ్డ చాపని అలా సర్దేసి అమ్మామా? మీ తాత చూస్తే ఏమంటాడు? వెళ్ళి తప్పు పడ్డ చోటిదాకా విప్పించి, శుభ్రంగా మళ్ళీ రాయించుకు రండి. అంతే.

తాత మాట వచ్చాక తిరుగేముంది. మర్నాడే వెళ్ళారు. హైమావతి గారు క్యాంపుకి వెళ్ళింది. కిటికీ వెనక కామేశమే ఉన్నాడు. గీతలున్న కాగితం వద్దు, మొదట్నుంచీ మళ్ళీ రాసిమ్మన్నారు. రిజిస్టర్లో కొట్టివేతలంటే ఆయనకీ పడదు, పైవాళ్ళు అడుగుతారని భయం. సంతోషంగా పాత కాగితం చింపేసి కొత్త ఫారం తీశాడు. పేరు, ఊరు రాశాడు. మీ వృత్తికి సంబంధించి పెద్ద కట్టడం ఏమైనా ఉందా అని ఫారంలో ఉన్నట్టే అడిగాడు.

ముగ్గురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అబద్ధం చెప్పే ఇల్లు కాదు వాళ్ళది. ఏనుగు పాక ఉందండీ అన్నారు. కామేశం ఇరవై నాలుగులో టిక్కు పెట్టాడు. ఈసారి పొరపాటున కాదు, కళ్ళజోడు తుడుచుకుని మరీ పెట్టాడు.

నాంచారమ్మ కొత్త కాగితం చూసి మురిసిపోయింది. ఒక్క గీత లేదు. ఇందులో చాపలని రాశాడా ఏనుగులని రాశాడా అని పోతురాజు అడిగితే, ఏది రాస్తే ఏంట్రా, పనితనం చూడు అంది.

పదో తారీకున జప్తు బండి వచ్చింది. మనుషులు మగ్గం ఎత్తి వాకిట్లోకి తెచ్చారు. నాంచారమ్మ పోస్టుమాను చేత చదివించి ఉంచిన కాగితం పట్టుకుని ఎదురెళ్ళింది.

"తీసుకెళ్ళండి నాయనా, మేం చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళం. కానీ మీ కాగితంలో మాకు ఏనుగుందని రాశారు. పాకలో అది లేదు. అది తెచ్చి కట్టేసి మగ్గం పట్టుకెళ్ళండి."

బండివాళ్ళు కాగితం చూశారు, పాక చూశారు, ఆవిడని చూశారు. మగ్గం అక్కడే దించి, ఆఫీసులో కనుక్కుని రేపొస్తామని వెళ్ళిపోయారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ ఇంటికి నిజంగానే తెలివుందేమోనని ఊరు మొదటిసారి అనుకుంది.

అక్కడ క్యాంపు నుంచి వచ్చిన హైమావతి గారికి సంగతి తెలిసింది. కామేశాన్ని పిలిచి నాలుగు చివాట్లు పెట్టి, ఇరవై మూడు అని రాసిన కొత్త కాగితం చేతికిచ్చి, నువ్వే స్వయంగా వెళ్ళి ఇచ్చిరమ్మంది.

కామేశం ఎండలో చెమటలు కక్కుతూ వాళ్ళ వాకిట్లోకి వచ్చాడు. అక్కడ మగ్గం లేదు. కర్ర కర్రా విప్పి, తాళ్ళు చుట్టలు చుట్టి, అంతా గోడ వారన నీటుగా పేర్చి ఉంది. ఇదేమిటని అడిగాడు.

రాత్రంతా ఆలోచించి తప్పెక్కడ పడిందో పట్టేశామండీ అన్నాడు పల్లాలు గర్వంగా. పాక కట్టకపోతే ఈ జప్తు లేదు. అర్జీ పెట్టకపోతే పాక లేదు. కోడు లేకపోతే అర్జీ లేదు. చాపలు నేయకపోతే కోడే లేదు. మగ్గం లేకపోతే చాపల్లేవు. కాబట్టి అక్కడిదాకా విప్పేశాం.

కామేశం చేతిలో కాగితం వంక చూశాడు. చాపలు నేయువారు అని ఉంది. మగ్గం వంక చూశాడు. తలపట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

"ఇప్పుడు మీకు ఏ కోడు వెయ్యమంటారమ్మా?"

నాంచారమ్మకి ఆయన్ని చూస్తే జాలేసింది. ఆఫీసు పనికి జవాబు ఎలా చెప్పాలో కొడుకులు ఆవిడకి అప్పటికే చెప్పి ఉన్నారు.

"నిలబడండి, పిలుస్తాను," అని ఆవిడ లోపలికెళ్ళి భోజనానికి కూర్చుంది.