రంగి రెండు కళ్లు, సుంకులత్త దారం

ఒకప్పుడు ఊసరవెల్లుల కళ్లు మన కళ్ల మాదిరే ఉండేవి. రెండూ కలిసి ఒక్క వైపే చూసేవి. ముందున్న పురుగు కనపడేది గానీ వెనక నుంచి వచ్చే గండం కనపడేది కాదు. అలా పక్షుల నోట పడ్డ ఊసరవెల్లులు ఎన్నో. అయినా వాటికి తమ చూపంటే మహా గర్వం.

ఆ కాలంలో నల్లమల అంచున, ఒక తంగేడు పొదలో రంగి అనే ఊసరవెల్లి పిల్ల పుట్టింది. దాని ఎడమ కన్ను చక్కగా చూసేది. కుడి కన్ను మాత్రం తన దారిన తాను పక్కకు తిరిగి ఉండేది. ఎడమ కన్ను ఈగను ఇక్కడ చూపిస్తే, కుడి కన్ను అదే ఈగను అక్కడ చూపించేది. ఏది అసలు ఈగో తేలక పాపం రంగి రెండింటికీ నడుమ నాలుక విసిరేది. నడుమ ఏముంటుంది? గాలి ఉంటుంది.

వాళ్ల అవ్వ తాను పట్టినదాంట్లో సగం పెట్టి దాన్ని సాకుతోంది. కానీ ఆ పొదలో ఒక కట్టుబాటు ఉంది. తొలివాన పడ్డాక నేలలోంచి ఉసిళ్లు రెక్కలతో లేస్తాయి కదా. ఆ పొద్దున ప్రతి పిల్లా అందరి ముందూ ఒక్క ఉసిళ్ల పురుగునైనా పట్టాలి. పట్టిన పిల్లకు సొంత కొమ్మ ఇస్తారు. పట్టలేని పిల్ల పొద దిగి పోవాలి. నేల మీద పాములున్నాయి, ముంగిసలున్నాయి. దిగిన పిల్ల మళ్లీ కనపడిన దాఖలా లేదు.

తొలివానకు ఇంకా రెండు నెలలుంది. ఒకరోజు రంగి గొల్లభామకు గురిపెట్టి నాలుక విసిరింది. ఆ నాలుక పోయి పక్క కొమ్మ మీది సాలెగూటికి అతుక్కుంది. ఆ గూడు సుంకులత్తది. సుంకులత్త ఆ పొదలో పేరున్న సాలెపురుగు. అంత నేర్పుగా గూడు అల్లేవాళ్లు ఆ కొండ మొత్తం మీద లేరు.

"ఇది మూడోసారి మే. పొద్దుటి నుంచి అల్లుతా ఉండా, నువ్వేమో చించుతా ఉండావు. నా గూడు నీకేం అడ్డమొచ్చింది?" అంది సుంకులత్త.

రంగి సిగ్గుతో గోధుమ రంగుకు తిరిగింది. "కావాలని కాదత్తా. నాకు అన్నీ రెండుగా కనపడతాయి. నా కుడి కన్ను మంచిది కాదు."

సుంకులత్తకు ఎనిమిది కళ్లు. ఎనిమిదింటితోనూ రంగి ముఖాన్ని పరీక్షగా చూసింది.

"కన్ను మంచిదే. పనంతా ఎడమ కన్నే చేసిపెడతా ఉంటే కుడిది సోమరిగా కూర్చుంది. నాకు ఎనిమిదున్నాయి, ఒక్కటైనా మాట వినకుండా పోయిందా? రోజూ గూడు అల్లుకునే బదులు నీ కన్నే బాగుచేస్తా, పద."

అలా అని తన పట్టుదారంతో చిన్న బిళ్ల అల్లి, రంగి ఎడమ కన్నుకు కట్టు కట్టింది. రంగి లబోదిబోమంది. "అత్తా, నువ్వు కట్టింది మంచి కంటికి."

"తెలిసే కట్టినా. అది చూడకుంటేనే ఇది చూస్తుంది."

ఆ కట్టుతో రంగి నాలుగడుగులు వేస్తే రెండుసార్లు జారింది. తోటి పిల్లలు కొమ్మలు పట్టుకుని మరీ నవ్వారు. అప్పుడు రంగి ఊసరవెల్లులు మాత్రమే చేయగలిగిన తప్పు చేసింది. కొమ్మ రంగులోకి మారిపోయి, ఎవరికీ కనపడకుండా, కుడి కన్ను కూడా మూసుకుని పదిహేను రోజులు కదలకుండా కూర్చుంది. కట్టు విప్పి చూస్తే కుడి కన్ను ఎక్కడిదక్కడే ఉంది.

సుంకులత్తకు ఒళ్లు మండింది. "కట్టు కట్టింది దాక్కునేదానికి కాదు మే, చూసేదానికి. నవ్వేవాళ్లు నీకు కొమ్మ ఇస్తారా? ఆకుపచ్చగా ఉండు, అందరికీ కనపడేట్టు తిరుగు, జారితే జారు."

రంగి ఏడ్చింది. ఏడ్చి మళ్లీ కట్టు కట్టించుకుంది. ఆకు అంచులు చూసింది, చీమల బారు చూసింది, తంగేడు పువ్వుల రేకులు ఒక్కొక్కటిగా చూసింది. జారిన ప్రతిసారీ మళ్లీ ఎక్కింది. నన్నడిగితే, ఆ పొదలో అంత ధైర్యం ఇంకెవరికీ లేదు. నెల తిరిగేసరికి కుడి కన్ను సోమరితనం వదిలింది.

ఇక రెండింటికీ పొత్తు కుదర్చాలి. సుంకులత్త కట్టు విప్పేసి, పై కొమ్మ నుంచి దారం వదిలి, రంగి ముఖానికెదురుగా వేలాడింది. "రెండు కళ్లతో నన్నే చూడు. దగ్గరికొస్తా. నేను ఇద్దరుగా కనపడితే చెప్పు, ఆగుతా."

గాలికి దారం ఊగేది. దానితోపాటు రంగి కూడా ముందుకూ వెనక్కూ ఊగేది. రోజూ సుంకులత్త ఇంకాస్త దగ్గరికి జరిగేది. ఒకనాడు రంగి ముక్కు దాకా వచ్చేసింది. ఇద్దరు సుంకులత్తలు మెల్లగా జరిగి జరిగి ఒక్కరయ్యారు. పుట్టిన తర్వాత రంగి రెండు కళ్లతో ఒక్క వస్తువును ఒక్కటిగా చూడటం అదే మొదలు. ఎనిమిది కళ్లూ, కాళ్ల మీది సన్నటి నూగూ అన్నీ కనపడ్డాయి.

అవ్వకు వేట దొరక్క, రంగి అప్పటికి రెండు రోజులుగా ఏమీ తినలేదు. ఊసరవెల్లికి సాలెపురుగంటే విందు భోజనం. నాలుక దానంతట అదే కదిలింది. సుంకులత్తకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా దారం పైకి లాక్కోలేదు.

రంగి నోరు గట్టిగా మూసుకుంది. "ఒక్కదానివే కనపడతా ఉండావత్తా," అంది పళ్ల సందుల్లోంచి.

"అయితే నా పని అయిపోయింది," అంది సుంకులత్త. అప్పుడు గానీ దారం పైకి లాక్కోలేదు.

తొలివాన పడింది. పొద్దున్నే ఉసిళ్లు లేచాయి. పొదలోని ఊసరవెల్లులన్నీ రెండు కళ్లూ ముందుకే పెట్టి వాటిని చూస్తున్నాయి. రంగి వంతు వచ్చింది. అది ఒక పురుగును ఎంచుకుంటూ ఉండగా కుడి కన్ను పాత అలవాటు కొద్దీ పక్కకు పోయి, అట్నుంచి వెనక్కి తిరిగింది. అవ్వ వెనక, ఆకుల చాటున, ఎర్రటి కళ్ల జెముడుకాకి.

"అవ్వా, వెనక!"

అవ్వ చప్పున ఆకుల్లోకి జారింది. మిగతావన్నీ ఆకు రంగులో కలిసిపోయాయి. జెముడుకాకి ముక్కుకు ఉత్త ఆకు తగిలింది. అది విసుక్కుని ఎగిరిపోయింది.

అప్పుడు రంగి వెనక్కి పోయిన కంటిని ముందుకు పిలిచింది. అది మాట విని వచ్చింది. రెండు కళ్లూ ఒక్క పురుగు మీద నిలిచాయి. నాలుక దూసుకుపోయి ఉసిళ్ల పురుగుతో తిరిగొచ్చింది. దాన్ని రంగి తను తినలేదు, అవ్వ నోట్లో పెట్టింది.

పొదకు పెద్దయిన ముసలి ఊసరవెల్లి రంగి దగ్గరికి వచ్చింది. "అమ్మా రంగీ, పై కొమ్మ నీదే. కానీ ఆ చూపు మాకూ కావాల. ఎవరిని అడగాల?" అంది.

మర్నాటి నుంచి సుంకులత్త ఇంటి ముందు ఊసరవెల్లులు ఒక్కో కన్నూ విడిగా తిప్పడం నేర్చుకోవాలని, కట్లు కట్టించుకునేందుకు బారు కట్టాయి. "నేర్పుతా గానీ, ముందు నోళ్లు మూసుకోండి," అంది సుంకులత్త.

అప్పటినుంచే ఊసరవెల్లి కళ్లు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిరుగుతూ నాలుగు దిక్కులూ కాపు కాస్తాయి. నాలుక విసిరే ముందు మాత్రం రెండూ కలిసి ఒక్కచోట నిలుస్తాయి. అప్పటినుంచే అది అడుగు తీసి అడుగు వేసేలోపు ముందుకూ వెనక్కూ ఊగుతుంది, ముక్కుకెదురుగా ఇంకా ఆ దారం వేలాడుతున్నట్టే.