సాక్షి బోడెమ్మ

తుంగకోన అడవిలో ఏదుపంది గురప్పను గోతిలో పడేసి వానాకాలం మొత్తం దాటిపోయింది. ఎందుకు పడేశారో అతనికి ఎవరూ చెప్పలేదు. అడిగితే కాపలా తోడేళ్ళు "భద్రత" అనేవి. ఎవరి భద్రత అని అడిగితే గుర్రుమనేవి. అతని పెళ్ళాం రోజూ గోతి దాకా వచ్చి, లోపలికి రానివ్వక, తిరిగి వెళ్ళిపోయేది.

చివరికి కేసు ఏనుగమ్మ న్యాయస్థానానికి వచ్చింది. ఆరోపణ ఏమిటంటే, ఏటి అవతలి చిరుతల కోసం గురప్ప గట్టు కింద సొరంగం తవ్వాడట.

"చూసినవాళ్ళెవరు?" అని అడిగింది గురప్ప తరఫు వకీలు, ముంగిస నాంచారమ్మ.

భద్రతాధికారి నక్క గొంతు సవరించుకున్నాడు. "అది రహస్యం. సాక్షి ఏం చూశాడో అమ్మగారి చెవిలో మాత్రమే చెబుతాను."

అంటూనే బండరాయి ఎక్కి, మునివేళ్ళ మీద నిలబడి, ఏనుగమ్మ చెవి పైకెత్తి అందులో గుసగుసలాడాడు. నాంచారమ్మకు ఒక్క ముక్కా వినపడలేదు.

"అమ్మగారూ, నాకు వినపడని మాటకు నేనేం జవాబు చెప్పను?"

"నిజమే," అంది ఏనుగమ్మ ఇబ్బందిగా. "కానీ అడవి క్షేమం కూడా చూడాలి కదమ్మా."

నాంచారమ్మకు ఇంకో సంగతి వింతగా తోచింది. తను ఏం అడగబోయినా నక్క దగ్గర జవాబు ముందే సిద్ధంగా ఉంటోంది. కాలి పుండుతో గురప్ప సొరంగం తవ్వలేడని ఆమె అనబోయేలోపే "అది దొంగ పుండు" అన్నాడు. ఆ పుండు సంగతి గోతిలో తనూ గురప్పా తప్ప ఎవరూ మాట్లాడుకోలేదు.

మర్నాడు ఆమె ఒక దుంప పట్టుకుని గోతిలోకి దిగింది.

"గురప్పా, ఇక భయం లేదు. పునుగుపిల్లి బోడెమ్మ రేపు సాక్ష్యం చెబుతుంది. నువ్వు తవ్వావంటున్న ఆ పూటంతా నీ పక్కనే ఉందట!"

"బోడెమ్మా? ఆవిడెవ..."

నాంచారమ్మ చటుక్కున దుంప అతని నోట్లో కుక్కింది. "నమలవయ్యా, చిక్కిపోయావు."

గురప్ప కళ్ళు మిటకరిస్తూ నమిలాడు.

తెల్లారి న్యాయస్థానంలో నాంచారమ్మ లేచింది. "అమ్మగారూ, ఈ రోజు నేనొక సాక్షిని..."

"ఆ బోడెమ్మ మాట నమ్మకండి!" అని నక్క ఎగిరి లేచాడు. "మావాళ్ళు కూపీ లాగారు. ఆ పునుగుపిల్లి పచ్చి అబద్ధాలకోరు. పోయినేడు కోడిపెట్టను ఎత్తుకుపోతూ మాకే దొరికిపోయింది!"

"నేనింకా పేరే చెప్పలేదే, నక్కగారూ?"

"అంటే... గాలికబురు..."

"ఈ అడవిలో బోడెమ్మ అనే పునుగుపిల్లే లేదు. నిన్న గోతిలో, ముద్దాయి ఎదుట, నేను అప్పటికప్పుడు కల్పించిన పేరది."

చెట్ల మీద కోతులు ఇకిలించాయి. ఏనుగమ్మ తొండంతో మూతి కప్పుకుంది గానీ పొట్ట కదలడం అందరికీ కనపడింది.

"అయితే నక్కా," అంది కాసేపటికి, "లేని బోడెమ్మ దొంగిలించిన కోడి మాత్రం ఉందా?"

"అమ్మగారూ, అంతా అడవి భద్రత కోసమే..."

ఏనుగమ్మ నవ్వు మాయమైంది. "వకీలూ ముద్దాయీ మాట్లాడుకునే చోట చెవి పెట్టడం భద్రత కాదు. నా చెవిలో చెప్పిన ఆ సాక్షిని ఇక్కడికి పిలిపించు. లేదా గురప్పను ఇప్పుడే వదిలిపెట్టు. ఏదో ఒకటి తేల్చు."

ఉన్న ఒక్క సాక్షినీ దాచుకుంటే కేసే పోతుందని నక్క తప్పక పిలిపించాడు. వచ్చింది ఊసరవెల్లి. గోతి గోడ మీద వేరులా అతుక్కుని మాటలు విన్నదీ అతనే, ఏటిగట్టున గురప్పను చూసిందీ అతనే. ఏనుగమ్మను చూడగానే ఆకుపచ్చ నుంచి బూడిద రంగుకు మారాడు.

"భయపడకు. ఏం చూశావు?"

"గురప్ప తవ్వాడమ్మా. దుంపల కోసం. తీసినవి అక్కడే తిని, త్రేన్చి, వెళ్ళిపోయాడు. ఆ గుంటలో కప్ప దాక్కునేంత చోటు కూడా లేదు. నక్కగారితో ఇదంతా చెప్పాను. ఆయనేమో 'తవ్వాడన్న మాట చాలు, మిగతాది మింగెయ్' అన్నారు."

నక్క తోక కాళ్ళ మధ్యకు చేరింది. ఏనుగమ్మ అతని పదవి అక్కడికక్కడే ఊడబీకి, గురప్పను విడిపించి, ఖాళీ అయిన ఆ గోతిని పూడ్చే పని నక్కకే అప్పగించింది. నక్క మట్టి ఎత్తిపోస్తుంటే కోతులు పైనుంచి "బోడెమ్మ బాగుందా మామా?" అని రెండు పూటలా పలకరించాయి.

గురప్ప ఇంటికి వెళ్ళాడు. పిల్లలు మీదపడి ముళ్ళు గుచ్చుకుని ఏడ్చారు, ఏడుస్తూనే వదల్లేదు. పెళ్ళాం కళ్ళు తుడుచుకుని, "ఏం తింటావయ్యా?" అని అడిగింది.

గురప్ప గోడ చూశాడు, కప్పు చూశాడు, వాకిలి చూశాడు. ఆమె చెవి దగ్గరికి వంగి, "దుంపలు," అన్నాడు గుసగుసగా.

"గట్టిగా చెప్పు, ఇది మనిల్లే," అని నవ్వింది ఆమె.

అతనికి గట్టిగా చెప్పడం మళ్ళీ అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది.

నీతి: ఎదుటివాడికి చూపించలేని సాక్ష్యంతో వాణ్ణి దోషి అనేవాడి మాట సగమే విన్నామని గుర్తుంచుకోవాలి.